రాజ్మా: పొంగు రాకముందే మంట తగ్గించొద్దు

(అనంతపురంలో హాస్టల్ వంటమనుషులకు, వార్డెన్లకు ఏర్పాటు చేసిన శిక్షణలో ఒక రిటైర్డ్ గృహవిజ్ఞాన అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలను కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. కడుపు నిండా ఉగ్గాని, బజ్జీ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మీలో ఎవరైనా కునుకు తీసినా నేను తప్పు పట్టను. కానీ అంతకంటే ముందు నాకు రెండు లెక్కలు కావాలి. మీ హాస్టల్లో ఎప్పుడైనా రాజ్మా వండినవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. ఇప్పుడు, నానబెట్టిన నీళ్లు పారబోయకుండా వాటితోనే ఉడకేసేవాళ్లు ఎత్తండి. మొహమాటం వద్దక్కా, ఎత్తండి. చూశారా, చేతులు పెద్దగా తగ్గలేదు.

ఇందులో మీ తప్పేం లేదు. పప్పుగింజలు మనకు కొత్త కాదు. శ్రీరామనవమికి పెసరపప్పు నానేసి వడపప్పు చేసి పచ్చిదే పంచుతాం. పెసలు మొలకెత్తించి నిమ్మకాయ పిండుకుని తింటాం. పచ్చిపిండితో పెసరట్టు పోస్తాం. శనగలు వేయిస్తాం, ఉలవలు గుగ్గిళ్లు చేస్తాం, అలసందలు రుబ్బి వడలు వేస్తాం, చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు చేసుకుంటాం. వీటిలో సగం వంటల్లో గింజను నీళ్లలో ఉడకబెట్టే పనే లేదు. నానబెడితే చాలు, వేయిస్తే చాలు అన్న లెక్క మన చేతులకు పట్టేసింది. పెసల దగ్గర, శనగల దగ్గర ఆ లెక్క చెల్లుతుంది. రాజ్మా దగ్గర చెల్లదు. గింజ మన కొట్టుకు వచ్చింది గానీ, దాన్ని వండే కట్టుబాటు దాంతోపాటు రాలేదు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

రాజ్మా అమెరికా ఖండాల పంట. మెక్సికో వైపు ఒకసారి, పెరూ వైపు ఆండీస్ కొండల్లో మరోసారి, రెండుచోట్లా వేరువేరుగా అడవి తీగ నుంచి మనుషులు దీన్ని సాగులోకి తెచ్చుకున్నారు. చిన్న గింజ రకాలు ఎక్కువగా మెక్సికో వైపువి, పెద్ద గింజ రకాలు ఆండీస్ వైపువి. కొలంబస్ ప్రయాణాల తర్వాత యూరప్‌కు, అక్కడి నుంచి ఓడల్లో మన దేశానికి వచ్చింది. మిరపకాయ, టమోటా వచ్చిన దారే ఇది కూడా పట్టింది. మిరపకాయ లేని రాయలసీమను ఈరోజు ఊహించలేం కానీ, రాజ్మా మాత్రం మన దాకా రాకుండా హిమాలయాల పక్కనే ఉండిపోయింది. కారణం చలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకో విషయం తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. కూరగాయల మార్కెట్లో మనం కొనే బీన్స్, ఆ పచ్చటి సన్నటి కాయలు, ఇదీ ఒకే జాతి మొక్క. లేత కాయ కోస్తే బీన్స్ కూర, చెట్టు మీదే పండి ఎండిన గింజ తీస్తే రాజ్మా. కాయకూ గింజకూ వేరువేరు రకాలు పెంచుతారు, అంతే.

రకాల విషయానికొస్తే, మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి ముదురు ఎరుపుది. ఇందులో సన్నగింజ ఉంటే జమ్మూ రాజ్మా అని, కశ్మీరీ రాజ్మా అని అమ్ముతారు. రెండోది చిత్రా, లేత గోధుమరంగు మీద ఎర్రటి చారలు, చుక్కలు ఉంటాయి. చిత్రా తొందరగా ఉడుకుతుంది, మెత్తగా అవుతుంది, వంద మందికి వండే వంటింటికి అదే నయం. ఎర్రది గింజ చెదరకుండా నిలబడుతుంది, పులుసు చిక్కగా వస్తుంది, ఉడకడానికి మాత్రం సతాయిస్తుంది. జమ్మూలో డోడా జిల్లా భదర్వా రాజ్మాకు 2023లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఉత్తరాఖండ్‌లో మున్సియారీ రాజ్మాకూ ఆ గుర్తింపు ఉంది. మహారాష్ట్ర సతారా వైపు వాఘ్యా ఘేవడా అనే రకం ఉంది, పులి ఒంటి మీద ఉన్నట్టు చారలుంటాయి కాబట్టి ఆ పేరు.

ఇవన్నీ ఎక్కడివో అనుకోకండి. మన రాష్ట్రంలోనే చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు కొండల మీద గిరిజన రైతులు చలికాలంలో రాజ్మా పండిస్తారు. గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర కొంటుంది. మీ హాస్టళ్లకు సరుకు ఇచ్చే కాంట్రాక్టర్‌తో మాట్లాడే అవకాశం ఉంటే ఆ సరుకు అడిగి చూడండి. ఢిల్లీ నుంచి వచ్చి, గోడౌన్లో రెండు ఎండాకాలాలు కాగిన గింజ కంటే అది కచ్చితంగా మేలు. ఎందుకు మేలో ఉడకడం దగ్గర చెబుతాను.

ఇక పోషకాలు. దీన్ని నేను తొందరగా ముగిస్తాను, ఎందుకంటే రాజ్మాను ఈమధ్య అమృతం లెక్కన చెబుతున్నారు, అంత లేదు. ఎండు గింజ 100 గ్రాముల్లో ప్రోటీన్ సుమారు 20 గ్రాములు. కందిపప్పులో, ఉలవల్లో కూడా ఇంచుమించు అంతే. కాల్షియం చూస్తే ఉలవల్లో రాజ్మాకు రెట్టింపు ఉంటుంది. ఐరన్ కూడా ఉలవల్లోనే ఎక్కువ. కాబట్టి ఊర్లో ఉలవలు దొరుకుతుంటే వాటిని పశువులకు వదిలేసి, ఎక్కువ ధర పెట్టి రాజ్మా కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు. మరి రాజ్మా ఎందుకంటారా? పీచు బాగా ఉంటుంది. ఫోలేట్ అనే బి విటమిన్ బాగా ఉంటుంది, అది ఆడపిల్లలకు, గర్భిణులకు కావాలి. పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు అన్నం తగ్గించి దీన్ని పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు ఇష్టంగా తింటారు. ప్లేటులో మిగిలిపోయిన ఉలవచారులో ఎన్ని పోషకాలుంటే ఏం లాభం?

ఒక లెక్క చెబుతాను, వార్డెన్లు రాసుకోండి. ఒక్కో పిల్లకు 40 గ్రాముల ఎండు రాజ్మా అనుకుంటే వంద మందికి నాలుగు కిలోలు. ఉడికాక అది సుమారు పది కిలోలవుతుంది. ఒక్కో పిల్లకు 8 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు ఉంటాయి. రాజ్మా ప్రోటీన్‌లో వాటిలో లైసిన్ అనేది ఎక్కువ, మెథియోనిన్ అనేది తక్కువ. బియ్యంలో, రాగుల్లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అన్నంతో తిన్నా, సంగటితో తిన్నా ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. సంగటి ముద్దలో గుంట చేసి రాజ్మా పులుసు పోసుకుంటే ఎంత బాగుంటుందో తిని చూస్తే గానీ తెలియదు. పంజాబ్ వాళ్లు వింటే కొడతారేమో గానీ! (నవ్వులు)

ఐరన్ గురించి ఒక మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. గింజల్లో ఉండే ఐరన్ మాంసంలో ఉన్నదానిలా ఒంటికి సులువుగా పట్టదు. పక్కన విటమిన్ సి ఉంటే ఇంకాస్త బాగా పడుతుంది. వడ్డించేటప్పుడు ప్లేటుకో నిమ్మచెక్క పెట్టండి, ఖర్చు పెద్దగా ఉండదు. భోంచేసిన వెంటనే టీ తాగే అలవాటున్న టీచరమ్మలు ఒక గంట ఆగండి. టీలోని టానిన్లు ఉన్న కాస్త ఐరన్‌నూ ఒంటికి పట్టనివ్వవు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

పచ్చి రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. నోరు తిరగకపోతే లెక్టిన్ అనుకోండి, అదొక రకం ప్రోటీన్. పురుగు పుట్ర తినకుండా మొక్క తన గింజను కాపాడుకునే ఏర్పాటు. చాలా గింజల్లో లెక్టిన్లు కొద్దోగొప్పో ఉంటాయి. ఎర్ర రాజ్మాలో మాత్రం అసాధారణంగా ఎక్కువ. దీన్ని కొలిచే యూనిట్లున్నాయి. పచ్చి ఎర్ర రాజ్మాలో 20 వేల నుంచి 70 వేల యూనిట్ల దాకా ఉంటే, పూర్తిగా ఉడికిన దాంట్లో 200 నుంచి 400 ఉంటాయి. తెల్ల రాజ్మాలో ఎర్రదానిలో మూడో వంతు ఉంటుంది. మూడో వంతే కదా అని ధీమా పడకండి, దాని కథ కూడా ఉంది.

ఈ లెక్టిన్ కడుపులో అరగదు. పేగు లోపలి గోడకు అతుక్కుని దాన్ని రేపుతుంది. తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు వికారం మొదలవుతుంది, తర్వాత వాంతులు, ఆ వెనకే విరేచనాలు, కొందరికి కడుపునొప్పి. మొదలైన మూడు నాలుగు గంటల్లో చాలామంది తేరుకుంటారు. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఇది రావచ్చు. బస్తాలు బస్తాలు తినక్కర్లేదు.

చిత్రమేమిటంటే, ఇదే పదార్థం ప్రయోగశాలల్లో ఎంతో పనికొచ్చింది. రక్తంలోని ఎర్రకణాలను ముద్దగా చేరుస్తుంది కాబట్టి వాటిని వేరు చేయడానికి దీన్ని వాడేవారు. 1960లో అమెరికాలో పీటర్ నోవెల్ అనే శాస్త్రవేత్త, ఇది కలిపిన చోట తెల్లకణాలు విభజన చెందుతున్నాయని గమనించాడు. ఆ తర్వాత మనిషి రక్తం నుంచి క్రోమోజోములు చూసే పరీక్షలు తేలికయ్యాయి. ఇంత శక్తి ఉన్న సరుకు మన పప్పుల డబ్బాలో ఉంటుందని ఎవరనుకుంటారు?

1976లో బ్రిటన్‌లో కొందరు కుర్రాళ్లు రాజ్మాను నానబెట్టి, ఉడికించకుండా తిని పడిపోయారు. అక్కడ జనం ఈ గింజ గురించి మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది. 1976 నుంచి 1989 దాకా ఇలాంటి అనుమానిత ఘటనలు 50 నమోదయ్యాయి. మన పెసల పద్ధతే కదా, నానబెట్టి తినడం! జపాన్‌లో 2006లో ఒక టీవీ కార్యక్రమంలో బరువు తగ్గడానికి చిట్కా చెప్పారు. తెల్ల రాజ్మాను మూడు నిమిషాలు వేయించి, పొడి చేసి, అన్నంలో చల్లుకోమన్నారు. చూసి చేసుకున్నవాళ్లలో వంద మందికి పైగా వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. తెల్లదాని కథ ఉందన్నాను కదా, ఇదే. ఇది వింటే మనకు ఏం గుర్తుకు రావాలి? కందిపొడి. శనగల పొడి. వేయించి పొడి కొట్టడం మన చేతుల్లో ఉన్న విద్యే. నీళ్లు లేని ఉత్త వేడి ఈ లెక్టిన్‌ను నమ్మకంగా పోగొట్టదు. దానికి నీళ్లుండాలి, ఆ నీళ్లు కుతకుత మరగాలి.

మన జిల్లాలోనే ఒకావిడ, ఊరూ పేరూ వద్దులెండి, పెసలతో పాటు గుప్పెడు రాజ్మా నానేసి రుబ్బి అట్లు పోసింది. ప్రోటీన్ దోశ అని ఫోన్లో ఏదో వీడియో చూసిందట. ఇంట్లో నలుగురు తిన్నారు, పదకొండు కాకముందే నలుగురూ బక్కెట్ల ముందు కూర్చున్నారు. నూనె కల్తీ అనుకున్నారు, నీళ్లు అనుకున్నారు, దిష్టి కూడా అనుకున్నారు. గింజ మీద ఎవరికీ అనుమానం రాలేదు. పెనం మీద అట్టు రెండు నిమిషాల్లో కాలుతుంది. లోపలి పిండి పదినిమిషాలు మరిగే వేడి ఎక్కడ చూస్తుంది? అందుకే రాజ్మా దోశ, రాజ్మా వడ, రాజ్మా మొలకలు, రాజ్మా పొడి ఈ నాలుగూ వద్దు. చేయాలనే ఉంటే ముందు గింజను పూర్తిగా ఉడికించి, తర్వాత రుబ్బుకోండి.

ఇప్పుడు వంట. నేను చెప్పే వరుస ఇది.

గింజలు ఏరి, కడిగి, మూడు నాలుగింతల నీళ్లలో నానేయాలి. నాలుగు కిలోలకు పన్నెండు లీటర్లకు తగ్గకూడదు. అయిదు గంటలకు తక్కువ వద్దు, ఎనిమిది గంటలైతే బాగుంటుంది. మన ఎండాకాలంలో ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా నానేస్తే తెల్లారేసరికి నురగ కట్టి వాసన వస్తుంది. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి, లేదా రాత్రి పడుకోబోయే ముందు నానేసి తెల్లవారుజామునే దించండి.

ఆ నీళ్లు పారబోయాలి. లెక్టిన్‌లో కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది. కడుపుబ్బరం తెప్పించే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కూడా కొంత దిగుతాయి. వాటిని మన పేగులు అరిగించుకోలేవు, పెద్దపేగులో బ్యాక్టీరియా తిని గ్యాస్ చేస్తుంది. సారం పోతుందని కొందరు పెద్దవాళ్లు ఒప్పుకోరు. పోయే విటమిన్ల కంటే పోయే చెడే ఎక్కువ, చెట్లకు పోసుకోండి.

తర్వాత కొత్త నీళ్లు పోసి పెద్ద మంట మీద పెట్టాలి. గింజలు కిందా మీదా తిరిగేలా పొంగు రావాలి. ఆ పొంగు మీద కనీసం పది నిమిషాలు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అరగంట అంటుంది, గింజ నడిమి దాకా వేడి చేరిందన్న భరోసా కోసం. హాస్టల్ డేగిసాకు నేను కూడా అరగంటే చెబుతాను. ఎందుకంటే అరవై లీటర్ల డేగిసాలో అంచున బుడగలు వస్తుంటాయి, నడుమ ఇంకా వెచ్చగానే ఉంటుంది. మనం అంచు చూసి మరిగిందనుకుంటాం. గంటె అడుగు దాకా పెట్టి తిప్పాక కూడా పొంగు ఆగకపోతే, అప్పటి నుంచి టైమ్ లెక్క పెట్టండి.

మంట తగ్గించడం ఆ తర్వాతే. మొదటి నుంచీ సన్న సెగ మీద పెట్టి గంటల తరబడి మగ్గించడం మటన్‌కు పనికొస్తుంది, దీనికి ప్రమాదం. 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన గింజలో విషగుణం పచ్చిదానికంటే ఐదింతల దాకా పెరగవచ్చని అదే సంస్థ హెచ్చరిస్తుంది. బయట దేశాల్లో స్లో కుక్కర్లతో వచ్చిన తంటా ఇదే. గింజ మెత్తబడుతుంది, తినడానికి బాగానే ఉంటుంది, లోపల లెక్టిన్ అలాగే ఉంటుంది. అంటే మెత్తగా ఉంది కదా అనే పరీక్ష ఒక్కటే సరిపోదు. ముందు పొంగు, తర్వాత మెత్తదనం, రెండూ కావాలి.

కుక్కర్ ఉంటే ఈ బాధంతా సగం తగ్గుతుంది. లోపల 120 డిగ్రీల దగ్గరకు వెళ్తుంది కాబట్టి లెక్టిన్ నిలవదు. నానిన గింజకు మొదటి విజిల్ పెద్ద మంట మీద రానిచ్చి, ఆపైన చిన్న మంట మీద ఇరవై, పాతిక నిమిషాలు. విజిల్స్ లెక్క పెట్టకండి, ఒక్కో కుక్కర్ ఒక్కో తీరు. గడియారం చూడండి. గింజలూ నీళ్లూ కలిపి కుక్కర్ సగానికి మించొద్దు, పొట్టు లేచి వెయిట్ రంధ్రానికి అడ్డం పడుతుంది.

ఉడికిందో లేదో చూడటానికి పైన తేలిన ఒక్క గింజను నొక్కి సరే అనొద్దు. అడుగున ఒకటి, నడుమ ఒకటి, అంచున ఒకటి తీయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. వెన్నలా విడిపోవాలి. గింజను చీల్చితే రెండు బద్దల మధ్య సుద్దలాంటి తెల్లటి గీత కనబడితే ఇంకా కాలేదు. అది పోయేదాకా దించొద్దు.

ఇక మన ఊరి నీళ్ల గురించి. ఎంతసేపు ఉడికించినా ఉడకడం లేదు మేడమ్ అని నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గింజలో కణాలను కలిపి ఉంచే పెక్టిన్ కాల్షియంతో గట్టిపడుతుంది. మీరు ఉడికిస్తున్నకొద్దీ అది బిగుస్తుంది. ఫిల్టర్ నీళ్లతో నానేసి, ఫిల్టర్ నీళ్లతో ఉడకేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. నానేసే నీళ్లలో లీటరుకు రెండు చిన్న చెంచాల ఉప్పు వేయండి. ఉప్పులోని సోడియం కాల్షియం స్థానంలోకి చేరి పొట్టు మెత్తబడుతుంది. ఉప్పేస్తే గింజ ఉడకదనే మాట మనలో ఉంది, అది నిజం కాదు.

ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమోటా, నిమ్మరసం ముందే వేశారా, ఇక పొయ్యి దగ్గర కాపలా కాయాల్సిందే. గింజ మెత్తబడ్డాకే పులుసు పోయండి. మనవాళ్లకు అన్నీ ఒకేసారి కలిపి పొయ్యెక్కించే అలవాటు ఉంది కాబట్టి రెండుసార్లు చెబుతున్నాను: గింజ మెత్తబడ్డాకే.

మూడోది, పాత సరుకు. వేడిలో, చెమ్మలో నెలల తరబడి నిల్వ ఉన్న గింజ లోపల గట్టిపడిపోతుంది, ఆ తర్వాత మీరేం చేసినా పూర్తిగా మెత్తబడదు. అనంతపురం గోడౌన్లో మే నెల గడిపిన బస్తా సంగతి చెప్పక్కర్లేదు. కొనేటప్పుడు చూడండి: రంగు మసకబారి, పొట్టు ముడతలు పడి ఉంటే వద్దనండి. ఏడాదికి సరిపడా ఒకేసారి దింపుకోకుండా, నెలా రెండు నెలలకు సరిపడా తెప్పించుకోండి. పాతదీ కొత్తదీ కలిపి వండొద్దు. కొత్తది ముద్దవుతుంది, పాతది రాయిలా ఉంటుంది, ఒకే డేగిసాలో సగం ఉడికినవి తగులుతాయి. పిల్లలకు వచ్చే తిప్పలు ఎక్కువగా ఇక్కడి నుంచే.

నా మాట అయిపోయింది, మీరు అడగండి.

ఒక వంటమనిషి: మేడమ్, వంటసోడా ఏస్తే తొందరగా ఉడుకుతాది కదా?

ఉడుకుతుందమ్మా. నీళ్లు మరీ చవుడుగా ఉంటే కిలో గింజకు చిటికెడంటే చిటికెడు వేయండి. ఎక్కువైతే బి1 విటమిన్ పోతుంది, గింజ జిగటగా అయి సబ్బు రుచి వస్తుంది. సోడా వేసినా పొంగు మీద ఉడికించే టైమ్ తగ్గించొద్దు. గింజ తొందరగా మెత్తబడింది కదా అని దించేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

ఒక వార్డెన్: పిల్లలు తిన్నాక వాంతులు మొదలైతే మేము ఏం చేయాలి?

మిగిలిన కూర పంచడం ఆపండి, కానీ పారబోయకండి, కొంచెం మూతపెట్టి పక్కన ఉంచండి, డాక్టర్లకు కారణం తెలియడానికి పనికొస్తుంది. ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. వాంతులు ఆపే మాత్రలు మీ అంతట మీరు వేయొద్దు. చాలామంది కొన్ని గంటల్లో కోలుకుంటారు. కానీ చిన్నపిల్లలు, నీళ్లు కూడా నిలవనివాళ్లు, మగతగా ఉన్నవాళ్లు, ఒంటేలు తగ్గినవాళ్లు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గంట, రెండు గంటల్లోనే మొదలైందా, సాయంత్రానికా అన్నది రాసిపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఒక సభికుడు: మా నాయనకు డయాలసిస్ జరుగుతోంది. ఇది పెట్టొచ్చా?

మీ డాక్టరును అడగకుండా పెట్టొద్దు సార్. రాజ్మాలో పొటాషియం బాగా ఎక్కువ, ఫాస్ఫరస్ కూడా ఉంది. కిడ్నీలు బాగా పనిచేసేవాళ్లకు అది మంచిదే, బీపీకి కూడా మంచిది. పనిచేయని వాళ్లకు పొటాషియం రక్తంలో పెరిగితే గుండెకు ప్రమాదం. ఎంత తినొచ్చు, తినొచ్చా లేదా అన్నది ఆయన రక్తపరీక్ష చూసి చెప్పాల్సిన మాట.

ఇంకొకరు: డబ్బాల్లో వచ్చే రాజ్మా?

అవి డబ్బాలోనే బాగా ఉడికించి వస్తాయి, లెక్టిన్ భయం లేదు. ఉప్పు ఎక్కువ ఉంటుంది, కడిగి వాడుకోండి. వంద మందికి డబ్బాలు కొంటే మాత్రం మీ ఆడిటర్ ఊరుకోడు. (నవ్వులు)

ఒక రైతు: నా కూతురు ఈడ పనిచేస్తాది, తోడొచ్చినాను. శెనక్కాయ పోతోందని రాజ్మా ఏద్దామనుకుంటాన్నాం. మా నేలలో పండుతుందా?

మంచి ప్రశ్న అన్నా. చలి గురించి తర్వాత చెబుతానన్నాను, మర్చిపోయేదాన్ని. రాజ్మాకు చల్లదనం కావాలి. 30 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. చింతపల్లిలో పండటానికి ఆ కొండల చలే కారణం. మన దగ్గర వానాధారం కింద వేసే పంట అయితే కాదు. నీళ్లుండి చలికాలంలో వేసినా ఇంకో చిక్కుంది. మిగతా పప్పుధాన్యాల మాదిరి దీని వేళ్లకు మన నేలల్లో బుడిపెలు సరిగా కట్టవు, గాలిలో నత్రజని తనకు తాను తెచ్చుకోలేదు, యూరియా బాగానే అడుగుతుంది. పప్పు పంట వేస్తే నేల బాగుపడుతుందన్న లెక్క దీనికి వర్తించదు. పెట్టుబడి పెట్టే ముందు రేకులకుంట పరిశోధన కేంద్రంలో వాళ్లను ఒకసారి అడగండి. నన్నడిగితే మాత్రం కంది, ఉలవ, అనుములు, అలసంద వీటిలోనే ఏదో ఒకటి చూసుకోమంటాను.

ఒక వంటమనిషి: రాత్రి మిగిలింది పొద్దున ఇడ్లీలోకి పెట్టొచ్చా మేడమ్?

ఫ్రిజ్‌లో పెట్టే వసతి ఉంటే పెట్టండి. బాగా ఉడికిన రాజ్మాలో లెక్టిన్ తిరిగి రాదు, అది సమస్య కాదు. సమస్య మన వేడి. ఉడికిన గింజల కూర బయట రెండు గంటలు దాటితే బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది. పెద్ద డేగిసా అలాగే మూతపెట్టి వదిలేస్తే నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, వాటికి కావాల్సిందీ అదే. వెడల్పు పళ్లేల్లో పలచగా పోసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున అడుగు నుంచి కలియబెడుతూ మళ్లీ పొంగు వచ్చేదాకా కాచి వడ్డించండి. ఫ్రిజ్ లేకపోతే రాత్రికి సరిపడానే వండండి.